పతకపు అంచున పేరు

అన్నవరమున రత్నగిరి మెట్లెక్కి సత్యనారాయణస్వామి గుడి ముంగిట నిలిచిన యాత్రికునకు క్రింద పంపానది, ఒకవైపున మన్యమునకు దారితీయు కొండలు, మఱియొకవైపున పిఠాపురము దిక్కుగా పఱచుకొన్న పొలములు కానవచ్చును. ప్రసాదపు పొట్లము చేతబట్టుకొని దిగివచ్చు తొందరలో ఆ దిక్కులను పరికించువారు తక్కువ. కాని తెలుగుదేశపు సైనికచరిత్రలో రెండు ముఖ్యఘట్టములు ఆ రెండు దిక్కులను జరిగినవి.

1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తి పొలములలో ఇంగ్లీషువారి కర్నల్ ఫోర్డు సేనయు, ఫ్రెంచివారి కాన్‌ఫ్లాన్సు సేనయు తలపడినవి. విజయనగరపు ఆనందగజపతిరాజు ఫోర్డు పక్షము వహించెను. ఎఱ్ఱకోట్లు తొడిగిన సిపాయిలను చూచి వారే తెల్లసోల్జరులని భ్రమపడి ఫ్రెంచివారు వారిమీద విఱుచుకొనిపడిరనియు, ఆ పొరపాటే వారి ఓటమికి దారితీసెననియు చరిత్రకారులు వ్రాసిరి. మరుసటి యేట ఏప్రిలులో బందరుకోట పడుటతో ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి కథ ముగిసినది. ఇది పొలములవైపు సంగతి. కొండలవైపు సంగతి 1923 నాటిది. ఆ యేట ఏప్రిలులో అల్లూరి సీతారామరాజు మన్యమునుండి అన్నవరము వచ్చి, కొండనెక్కి స్వామిని దర్శించి, మరల అడవులకు మరలెను. అంతకు ఎనిమిది నెలలకు పూర్వమే చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలలోని తుపాకులు ఆయన చేతబడినవి. ఆయనను పట్టుకొనుటకు మలబారు ప్రత్యేక పోలీసులును, 1924 జనవరిలో అస్సాం రైఫిల్సు దళమును వచ్చిరి. 1924 మే 7వ తేదీన ఆయన కాల్చి చంపబడెను.

ఈ రెంటికి నడుమ నూట అరువదియైదు సంవత్సరములు గడచినవి. అన్నియేండ్లును తెలుగుబిడ్డలు ఇంగ్లీషువారి కొలువున తుపాకి మోయుచునే యుండిరి. శ్రీరంగపట్టణమునకు, రంగూనుకు, చీనాకు, ఫ్రాన్సుకు, మెసొపొటేమియాకు పోయి వచ్చిరి. పోయివచ్చినవారికి పెక్కు తడవలు పతకములు దక్కినవి. ఆ పతకములు ఇపుడేవి? అవి ఎవరి చేతులనుండి ఎవరి చేతులకు పోయినవి? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, మన యిండ్ల చరిత్రలో ఒక పెద్ద భాగము దీనిని అంటిపెట్టుకొని యున్నది.

యుద్ధపతకము వేఱు, శౌర్యపతకము వేఱు. శౌర్యపతకము ఒక్కని సాహసమునకు ఇచ్చునది. యుద్ధపతకము ఫలానా దండయాత్రలో, ఫలానా తేదీల నడుమ పనిచేసిన ప్రతివానికిని ఇచ్చునది. ముందువరుసను నిలిచి గాయపడినవానికిని, వెనుక సామానుబండ్లు కాచినవానికిని అదే. సామాన్యముగా అది రూపాయికంటె కొంచెము పెద్దదిగా నుండును. ఒకప్రక్క రాజముఖము, రెండవప్రక్క ఏదో యొక చిత్రము, పైన రంగుల రిబ్బను. యుద్ధము పేరు చెక్కిన సన్నని వెండిపట్టెను ఆ రిబ్బనుకు అడ్డముగా అమర్చుదురు. ఇక పతకపు అంచున, అనగా రూపాయికి గాట్లుండు చోట, దానిని పొందినవాని పేరు ఉండును. మనము పతకమును చూచునపుడు రాజముఖమును చూతుము, చిత్రమును చూతుము. అంచును త్రిప్పి చూచువారు అరుదు.

తొలిదినములలో పేరే ఉండెడిది కాదు. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పట్టుకొన్నందులకు కుంఫిణీవారు చేయించిన పతకము బర్మింగుహాము నగరమున సోహో టంకసాలలో తయారై, 1808 నాటికి గాని సిపాయిల చేతికి అందలేదు. తొమ్మిదేండ్లలో ఎందఱు మిగిలియుందురో చదువరులే ఊహింపవచ్చును. ఒక ప్రక్క కోట ముట్టడి, రెండవప్రక్క సింహము పులిని క్రిందబడవేసి అణచుచున్న చిత్రము. పులి టిప్పుసుల్తాను చిహ్నమని ఎఱిగినవారికి ఆ బొమ్మ చెప్పదలచిన మాట వేఱుగా విప్పిచెప్పనక్కఱలేదు. చిత్రమందఱికి ఒకటే గాని లోహము ఒకటి కాదు. మహాధికారులకు బంగారము, చిన్న అధికారులకు వెండి, హవల్దారు తరగతివారికి కంచు, సామాన్య సైనికునకు తగరము. తగరమును కంసాలి కొనడు గనుక అది కరగిపోలేదు. పిల్లల ఆటవస్తువై, అరిగి, వంగి, పెంటలోబడి పోయినది.

1824–26 నాటి మొదటి బర్మాయుద్ధమునకు ఇచ్చినది మిక్కిలి వింతయైన పతకము. దానిమీద ఆవా రాజ్యపు తెల్లయేనుగు ఇంగ్లీషు సింహము ఎదుట మోకరిల్లియున్నది, వెనుక రంగూనులోని గొప్ప పగోడాను ముట్టడించుట చెక్కబడినది, వ్రాతయంతయు పారసీకము. దేశీయాధికారులకు వెండిపై బంగారుపూత పూసినది, సిపాయిలకు ఉట్టి వెండిది. ఇందు విశేషమేమనగా, కుంఫిణీవారు దీనిని దేశీయసేనకు మాత్రమే యిచ్చిరి. అదే బురదలో, అదే జ్వరములలో నడచిన తెల్లసోల్జరులు తమ పతకమునకై 1851 దాక కాచుకొనవలసి వచ్చెను. దీనినిబట్టి సిపాయికి తెల్లవానికంటె మన్నన ఎక్కువయని తలంపరాదు. సముద్రము దాటించి తీసికొనిపోయిన సేనను సంతోషపెట్టవలసిన అవసరము కుంఫిణీవారికి ఉండెను.

సముద్రమను మాట వచ్చినది గనుక ఇచట కొంచెము నిలువవలెను. ఆ యుద్ధముననే, 1824 నవంబరులో, కలకత్తా సమీపమున బరక్‌పూరునందు ఒక బెంగాలు పటాలము బర్మాకు కదలనొల్లక తిరుగబడి ఫిరంగులకు గురియైనది. సామాను మోయు ఎడ్లు లేమియు, కులము చెడునను భయమును అందుకు కారణములలోనివి. మద్రాసు సిపాయిలో, అదివఱకే మే మాసమున ఓడలెక్కి రంగూనులో దిగియుండిరి. వారిలో తెలుగువారు పెక్కుమంది. తెలుగువాడు మొదటినుండియు సముద్రమునకు జంకలేదనుటయు సరికాదు. 1780 అక్టోబరు 3వ తేదీన విశాఖపట్టణమున మద్రాసుకు ఓడయెక్కుమన్నందులకే సిపాయిలు తిరుగబడి తమ దొరలలో కొందఱిని చంపిరి. నలువదేండ్లలో ఆ జంకు విడిచినది. ఎట్లు విడిచినదన్న, శాస్త్రవాదమువలన కాదు. సముద్రము దాటినవానికి ప్రత్యేకపు బత్తెమును, ఇంటివద్ద ఆలుబిడ్డలకు వాని జీతములోనుండి నెలనెల కొంత చెల్లించు ఏర్పాటును కలిగినవి. కుటుంబము పస్తుండదని తెలిసినపిమ్మట సిపాయి ఓడయెక్కెను. పందొమ్మిదవ శతాబ్దాంతమున పండితసభలలో సముద్రయానము ధర్మమా అధర్మమా యని వాదములు జరుగుచున్న నాటికే, సర్కారు పల్లెలలో పింఛను తినుచున్న ముదుసలి సిపాయి రంగూనును, సింగపూరును, చీనాను చూచివచ్చి అరుగుమీద కూర్చుండి చుట్ట కాల్చుకొనుచుండెను. వానిని ఏ సభవారును సాక్షిగా పిలువలేదు.

చీనా పతకము సంగతియు చెప్పవలెను. 1841 మే 30వ తేదీన కాంటను నగరమునకు వెలుపల శాన్యువాన్‌లీ యను గ్రామప్రాంతమున 37వ మద్రాసు పదాతిపటాలమునకు చెందిన ఒక కంపెనీ గాలివానలో తక్కిన సేననుండి విడివడినది. మందు తడిసి తుపాకులు పేలవాయెను. ఈటెలు, కొడవళ్లు చేతబూనిన వేలకొలది గ్రామస్థులు చుట్టుముట్టిరి. సిపాయిలు నాలుగువైపుల మొగముపెట్టి చదరముగా నిలిచి, బాయినెట్లతో రాత్రివఱకు కాచుకొనిరి. తడికి చెడని క్రొత్తరకపు తుపాకులుగల దళము వచ్చి వారిని తప్పించినది. ఆ గ్రామస్థుల పోరాటమును నేటికిని చీనావారు తమ స్వాతంత్ర్యచరిత్రలో గొప్పఘట్టముగా చెప్పుకొందురు. అది నల్లమందు వ్యాపారము నిలుపుకొనుటకై జరిగిన యుద్ధము. దాని పతకమునకు మొదట సింహము డ్రాగనును త్రొక్కుచున్న చిత్రము గీచి, చీనావారికి మఱీ అవమానకరమగునని మానుకొని, ఆయుధములచేత శాంతిని కోరుచున్నామను అర్థముగల లాటిను వాక్యమును చెక్కిరి. మన సిపాయి ఆ వాక్యమును చదువలేడు. చదువగలిగినను వాని నెలజీతము ఏడు రూపాయలే. తనదికాని యుద్ధమున, తనవంటి రైతుల యెదుట, వానలో తడిసి నిలిచిన ఆ కంపెనీవారి ధైర్యమును మెచ్చుకొనకుండ ఉండలేము. ఆ యుద్ధమును మెచ్చుకొనను లేము. ఇట్టి పతకము ఇంట నున్నవారు ఈ రెండు భావములను కలిపియే భరింపవలసియుండును.

1851లో ఒక వింత జరిగినది. ఐరోపాలో నెపోలియనుతో పోరాడిన ముసలి సోల్జరులకు ఆలస్యముగా పతకములిచ్చినందున, హిందూదేశపు యుద్ధములలో పనిచేసినవారును అడిగిరి. అంతట కుంఫిణీ ఖర్చున భారతసేనా పతకమొకటి పుట్టినది. 1803 నాటి అలీగఢు మొదలు 1826 నాటి భరత్‌పురము వఱకు ఇరువదియొక్క పట్టెలు. పతకముపై మాత్రము 1799 నుండి అని చెక్కిరి. ఆ యేటి యుద్ధమునకు దానియందు పట్టెయే లేదు. అంతటి పనిలోను అట్టి తప్పు దొరలినది! నియమమేమనగా, బ్రదికియుండి అడిగినవానికే ఇత్తురు. ఆసాయి యుద్ధమున ఇరువదియేండ్ల పడుచువాడు 1851 నాటికి అరువదియెనిమిదేండ్ల వృద్ధుడు. ఆ పతకములు మొత్తము సుమారు 4,500 మాత్రమే పంచబడినవి. ఇన్ని యుద్ధములలో పోరాడిన లక్షలాది సేనలో ఇంతమందియే మిగిలి, వార్త విని, అడిగి, పుచ్చుకొనిరన్నమాట. పల్లెలోనున్న ముసలిసిపాయికి ఈ వార్త పింఛను పంచు కచ్చేరిలో ఎవరైన చెప్పిన తెలియవలెను, లేకున్న లేదు.

దీర్ఘకాలము కొలిచిన దేశీయాధికారికి పతకముకంటె మేలైన గౌరవమొకటి 1837లో ఏర్పడినది. దానికి బ్రిటిష్ ఇండియా ఆర్డరని పేరు. మొదటి తరగతివానికి సర్దారు బహదూరు బిరుదును దినమునకు రెండు రూపాయలును, రెండవ తరగతివానికి బహదూరు బిరుదును దినమునకొక రూపాయియు. దీనిని మెడలో వ్రేలాడదీయు రిబ్బను మొదట లేత నీలిరంగుదిగా నుండెను. మన సుబేదారులు తలకు నూనె రాచుకొందురుగదా, ఆ నూనె దిగి రిబ్బనులన్నియు మరకలైనందున, మరుసటి యేటనే దానిని ముదురు ఎఱుపునకు మార్చిరి. సామ్రాజ్యపు నియమములను నువ్వులనూనె మార్చిన సందర్భము ఇదియొక్కటియే కాబోలు. ఆ యేటనే ఏర్పడిన శౌర్యపు ఆర్డరునందు ఇంకొక మంచి నియమముండెను: వీరుడు మరణించిన పిమ్మట మూడేండ్లవఱకు వాని భార్యకు ఆ భత్యము చెల్లును. విధవకు పుట్టింటను మెట్టినింటను చేతికి కాసు దొరకని కాలమున ఈ మూడేండ్ల సొమ్ము ఎంతటి ఆధారమో చెప్పనలవికాదు. యుద్ధపతకమునకు మాత్రము ఇట్టి రూకలు లేవు. దానికి గల విలువ దాని వెండియే.

ఆ వెండి యెంత? రమారమి ఒక ఔన్సు. మన తూకమున రెండున్నర తులములపైన. తులమెత్తు రూపాయి చెల్లుచున్న దినములలో ఇది మూడు రూపాయలకు కొంచెము తక్కువ. సిపాయి పండ్రెండు దినముల జీతము. వాడు పోయిన తర్వాత ఇంటివారికి అది ఏమి? ఇంగ్లీషు అక్షరములు చదువరానివారికి అది రాణిబొమ్మగల వెండిబిళ్ల. ఒకటి చిన్నవాని మొలత్రాటిలో కలిసినది, ఒకటి కోడలి కాలి కడియమైనది, ఒకటి కరవునాట షావుకారు పెట్టెలో కుదువబడి విడిపింపబడక అచటనే కరగినది. కొందఱు దానిని కరగించక, పైనున్న వ్రేలాడు కొక్కెమును ఊడదీసి, కొలికి అతికించి, మెడలో పతకముగా వేసికొనిరి. అట్టివి నేటికిని సంతలలో కానవచ్చుచుండును, అతుకు గుర్తు అంచుమీద తెలియుచుండును. ఈ స్త్రీలను నిందించుట న్యాయము కాదు. వారికి చదువు చెప్పనివారము మనము. చదువురానివారు పేరును చూడలేదని వగచుటయు మనమే. పైగా ఇంటిలో ఆమె సొంతమని చెప్పుకొనదగిన ఆస్తి వెండి బంగారములే. పోయిన మగని పేరుకంటె బ్రదికియున్న బిడ్డ కడుపును చూచుకొన్నదని ఎవరు తప్పుపట్టగలరు?

ఇట్లుండగా ఇంగ్లాండులో వేఱొక గిరాకి పెరిగినది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి అచటి కొందఱు నాణెములవలెనే పతకములను సేకరింపసాగిరి. 1897లో మేయో యను నతడు రెండు సంపుటముల గ్రంథము ప్రకటించెను; 1942లో పతకపరిశోధకుల సంఘ మేర్పడెను; 1947లో గార్డను మేజరు పుస్తకము వెలువడి సేకర్తలకు నిత్యపారాయణగ్రంథ మాయెను. వీరు మొదట పట్టెలను లెక్కించెడివారు: ఎక్కువ పట్టెలున్న ఎక్కువ వెల. క్రమముగా వారి దృష్టి అంచుమీదికి పోయినది. అంచునగల పేరును పటాలపు జాబితాతో సరిచూచి, ఆ మనుష్యుడు నిజముగా ఆ యుద్ధమున ఉండెనా, గాయపడెనా, మరణించెనా యని వెదకుట నేర్చిరి. కుంఫిణీనాటి జాబితాలు లండనునందు ఇండియా ఆఫీసు దస్త్రములలో భద్రముగా నుండెను; ఇపుడవి బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. పేరును రాచివేసిన పతకమునకు వారివద్ద వెల పడిపోవును. యుద్ధమున మరణించినవాని పేరున్నచో వెల హెచ్చును. సిపాయి బ్రదికివచ్చిన పతకమునకు తక్కువ, చచ్చిన పతకమునకు ఎక్కువ! వినుటకు క్రూరముగా నున్నను, ఈ సేకర్తల వ్యసనమే లేకున్న ఎన్నో వేల పతకములు మూసలో పడియుండెడివనుట నిజము. 1980 జనవరిలో ప్రపంచపు బజారున వెండి ఔన్సు ఏబది డాలర్ల దాపునకు పోయినపుడు, మొదటి ప్రపంచయుద్ధపు వెండిపతకములు ఇంగ్లాండుననే కుప్పలుగా కరగింపబడినవి. చదువుకొన్న దేశమున జరిగినది ఇది. మన పల్లె కంసాలిని ఒక్కనినే తప్పుపట్టనేల?

ఆ మొదటి ప్రపంచయుద్ధపు పతకమునందు మరల లోహభేదము కానవచ్చుచున్నది. తుపాకి పట్టినవానికి వెండి. రోడ్డువేసి, మూటలు మోసి, కందకములు త్రవ్విన భారతీయ, చీనా, మాల్టా కూలిదళములవారికి అదే చిత్రము, అదే రాజు, కంచుతో. 1885 తర్వాతి బర్మాయుద్ధమునుండియే సేన వెంటబోయిన నీళ్లమోతగాండ్రకును, డోలీబోయీలకును కంచు ఇచ్చుట వాడుకయైనది. గుండు తగిలినపుడు నెత్తురు ఒకే రంగున కారును. మనలో వర్ణభేదమును ఎత్తిచూపి నవ్విన దొరలు తమ టంకసాలలో లోహభేదమును పాటించిరి. అయినను విధి వింతైనది: వెండిది కరగిపోగా కంచుది మిగిలినది. రెండవ ప్రపంచయుద్ధపు పతకములు నికెలు కలిపిన రాగివి, నక్షత్రములు కంచువంటి మిశ్రలోహపువి. వాటిని కంసాలి త్రాసులో వేయడు. కనుకనే బర్మా నక్షత్రము మొదలగునవి నేటికిని మన జిల్లాల ఇండ్లలో రేకుపెట్టెల అడుగున, పింఛను కాగితముల నడుమ దొరకుచున్నవి.

తాడేపల్లిగూడెము దాపునగల మాధవరము ఇందుకు నిదర్శనము. మొదటి ప్రపంచయుద్ధమునకు ఆ యొక్క గ్రామమునుండి 90 మంది పోయిరి. రెండవదానికి వేయిమందికి మించి పోయిరి. మిలటరీ మాధవరమనియే దానిని పిలుతురు. తెలుగువాడు యుద్ధజాతివాడు కాడని 1880 తర్వాత రాబర్ట్సు మొదలగు సేనానులు తీర్మానించి, మద్రాసు పటాలములను క్రమముగా తగ్గించి, చేరిక నిలిపిన కథ చదువుకొన్నవారికి ఈ గ్రామము చక్కని ప్రత్యుత్తరము. ఒకప్పుడు ఉత్తరదేశమున కుంఫిణీ సిపాయి యన్న తెలంగావాడనియే అర్థము. క్లైవు వెంట దక్షిణమునుండి బెంగాలునకు పోయిన తొలి సిపాయిలనుబట్టి వచ్చిన పేరది. 1857లో ఢిల్లీవారు తమ వీథులలోని తిరుగుబాటు సైనికులను, వారు అయోధ్యవారైనను, తిలంగాలనియే వ్రాసికొనిరి. జాతిపేరే సిపాయికి పర్యాయపదమైనవారిని, మూడు తరములు గడవకముందే పోరాటమునకు పనికిరారనిరి.

ఇపుడు అంచు దగ్గఱకు వత్తము. అంచున ఏమి వ్రాసియుండును? అంకె, హోదా, పేరు, పటాలము. దేశీయుల పతకములపై పెక్కింట ఇది గొలుసుకట్టు ఇంగ్లీషు వ్రాతలో చెక్కబడియుండును. ఇంటిపేరు ఉండదు, ఊరు ఉండదు, తండ్రిపేరు ఉండదు. గుమాస్తా చెవికి విననైనట్లు వ్రాసిన రామస్వామి, వెంకటస్వామి, ఎల్లయ్య. ఒక్క పటాలముననే అట్టి పేర్లు పలువురివి. లండనులో సేకర్త జాబితా తెఱచి ఆ రామస్వామి ఏ యుద్ధమున నుండెనో చెప్పగలడు. ఏ ఊరివాడో, వాని భార్యయెవరో, వాని మనుమలెవరో చెప్పలేడు. మన పల్లెలో ఒక ముసలమ్మ తన తాతగారు రంగూను పోయి వచ్చిరనియు, పొట్టమీద కత్తిగాటు ఉండెడిదనియు చెప్పగలదు. పటాలము పేరు చెప్పలేదు, పతకము చూపలేదు. సగము చరిత్ర సముద్రమున కావలనున్నది, సగము ముసలమ్మ నోట నున్నది. ఆమె పోయినచో రెండవ సగమును పోవును, అపుడు మొదటి సగమునకు గూడ వట్టి వెలయే మిగులును.

కనుక ఇంట పతకమున్న వారు చేయవలసిన పని స్వల్పము. దానిని చింతపండు పెట్టి తోమరాదు. తోమిన కొలది అంచుమీది అక్షరములు అరిగిపోవును. అంచును వెలుతురులో త్రిప్పి ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెను. ఆ కాగితముననే ఇంటిపేరు, ఊరు, చుట్టరికము, పెద్దలు చెప్పిన కథ తెలుగున వ్రాసి పతకముతో గూడ పెట్టవలెను. అమ్ముకొనవలసిన అవసరము వచ్చినను ఆ కాగితపు ప్రతియొకటి ఇంటనుంచుకొనవలెను. చట్టము సంగతి యన్న, 1950 నాటి సైన్యపు చట్టమునుబట్టి కొలువులో నున్న సైనికుడు తన పతకమును అమ్ముట, కుదువబెట్టుట, చెఱచుట నేరము. వారసులకు ఆ నిషేధము లేదు. నూఱేండ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టమున పురావస్తువగును గనుక, మొదటి ప్రపంచయుద్ధపు పతకమును ప్రభుత్వపు అనుమతి లేక దేశము దాటింపరాదు. ఒక శతాబ్దము సందడిలేక జరిగిన ఎగుమతికి ఇపుడు అడ్డు పడినది.

మరల అన్నవరపు కొండమీదికి పోవుదము. చందుర్తి యుద్ధము నాటికి సిపాయికి పతకమిచ్చు ఆచారమే లేదు. మన్యపు సంగతి అట్టిది కాదు. 1879–80లో రంపలో తిరుగుబాటు జరిగినది. మద్రాసు పటాలములు, సాపర్లు కొండలెక్కి జ్వరములతో పడిపోయిరి. సరిగా ఆ యేండ్లలోనే నాగకొండలలో జరిగినదానికి 'నాగ 1879–80' అని పట్టె వెలసినది, రంపకు లేదు. 1921–22లో మలబారున జరిగినదానికి 1908 నాటి భారత సామాన్యసేవా పతకమునకు 'మలబారు' పట్టె నిచ్చిరి; ఆ వెంటనే మొదలై రెండేండ్లు నడచిన రంపపోరునకు ఇయ్యలేదు. పట్టె నిచ్చిన అది యుద్ధమని ఒప్పుకొన్నట్లగును. అడవిమనుష్యులు విల్లంబులతోను, ఠాణాలనుండి తెచ్చిన తుపాకులతోను ఇన్నాళ్లు నిలిచిరని ఒప్పుకొనుటకంటె, పోలీసువారి పనియని తేల్చివేయుట కచ్చేరికి సుఖమని నాకు తోచుచున్నది. ఆ విధముగా రంపను అణచినవాని పేరును ఏ అంచునను లేదు. ఎదిరించినవాని పేరు సరేసరి. అయితే ఎదిరించినవారిలో ఒకడైన గాం మల్లుదొర పట్టుబడి, శిక్షపడి, అండమానులకు పోయి, తిరిగివచ్చెను. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్టణమునుండి గెలిచి లోక్‌సభలో కూర్చుండెను. ఆ సభ సభ్యుల పట్టికలో ఆయన పేరు ఇంటిపేరుతో సహా అచ్చుపడియున్నది.